పెద్దరికానికి నల్లదారం

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఆ దేశంవాళ్లకి ఏదైనా రెండేసి ఉంటే బాగుంటుందనిపించింది. అందుకని చట్టసభలు కూడా రెండు పెట్టుకున్నారు. జనం ఎన్నుకున్నవాళ్లు తొందరపడి చట్టాలు చేసేస్తారు కాబట్టి, ఆ తొందరని తగ్గించడానికి రెండోది. దాని పేరు పెద్దల సభ. అందులో ఎనభై నలుగురు సభ్యులు. తొందర తగ్గించే విషయంలో ఆ సభ మొదటి రోజు నుంచీ ఆశించిన దానికంటే బాగా పనిచేసిందని ఒప్పుకోవాలి.

ఆ ఎనభై నలుగురిలో కొల్లాటి నూకరత్నం ఒకతె. వృత్తికొకరు చొప్పున కొందరిని సభకి నామినేట్ చేయాలని రాజ్యాంగంలో రాసుకున్నారు. మంత్రసానుల వంతు వచ్చేసరికి ఆరోగ్యమంత్రిగారికి నూకరత్నం తప్ప ఇంకెవరూ తట్టలేదు. ఆయన ఈ లోకంలోకి వచ్చి పడింది ఆవిడ చేతుల్లోనే మరి. అరవయ్యేళ్ల మనిషి నూకరత్నం. రెల్లులంకలో ముప్పై ఎనిమిదేళ్లుగా పురుళ్లు పోస్తోంది. సంతకం చేయడం వచ్చు. అవసరమైన మాట తప్ప రెండోది మాట్లాడే అలవాటు లేదు.

ఆవిడ రాజధానికి వచ్చింది ఒక్క పని మీద. రెల్లులంక చుట్టూ ఏరు. ఆసుపత్రి అవతలి గట్టున ఉంది. ఉన్నది ఒకటే పడవ, అది రేవుని వేలంలో పాడుకున్న పాటదారుది. వరద రోజుల్లో దాన్ని అవతలి ఒడ్డున కట్టేసి ఆయన ఇంట్లో కూర్చుంటాడు. కిందటి శ్రావణంలో పోలమ్మకి బిడ్డ అడ్డం తిరిగింది. మంచం మీద రేవుకి మోసుకొచ్చి, అవతలి గట్టుకేసి కేకలు వేస్తూ కూర్చున్నారు. పడవ వచ్చేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు. పోలమ్మ చెయ్యి నూకరత్నం చేతిలోనే చల్లబడిపోయింది. ఆ చల్లదనాన్ని ఆవిడ ఈనాటికీ మర్చిపోలేదు.

ఈ ఏడు లంకలో ఏడుగురు చూలింతలున్నారు. బయల్దేరేముందు నూకరత్నం కొంగుకి ఏడు ముళ్లు వేసుకుంది. ఒక్కో కాన్పు కబురూ వచ్చినప్పుడు ఒక్కో ముడి విప్పాలి. ఆఖరి ముడి లోవకుమారిది. పద్దెనిమిదేళ్ల పిల్ల, తొలిచూలు, నెలలు నిండేది శ్రావణంలో, సరిగ్గా వరద రోజుల్లో. ఈలోగా లంకకి సొంత పడవ ఒకటి ఇప్పించమని సభలో అడగాలి. అంతే. అడిగేసి, వచ్చే బస్సుకి ఇంటికి వెళ్లిపోవచ్చని ఆవిడ అనుకుంది.

సభానియమాల్లో నాలుగో నియమం ఇలా ఉంది: "సభ్యులు జ్యేష్ఠతాక్రమమున మాటలాడవలెను. జ్యేష్ఠత సభ్యుల పట్టీయందలి సంతకముల క్రమమునుబట్టి నిర్ణయింపబడును."

ప్రమాణస్వీకారం నాడు పట్టీ బల్ల మీద పెట్టి, పక్కనే కలం ఉంచారు. ఎనభై నలుగురూ మర్యాదస్థులే. సింహాద్రి జగన్నాథరాజుగారు, పాత జమీందారు, కలం అందుకోబోయి, పక్కనున్న రిటైర్డు జడ్జి సోమయాజులుగారిని చూసి ఆగిపోయారు.

"తమరు కానివ్వండి" అన్నారు రాజుగారు.

"అబ్బెబ్బే, తమరుండగా నేనా!" అన్నారు జడ్జిగారు.

పది గంటలకి మొదలైన ఈ మర్యాద భోజనాల వేళకి సభంతా పాకింది. కలంలో సిరా మూడుసార్లు ఎండిపోయింది. అప్పుడు సభా కార్యదర్శి మంగిపూడి పురుషోత్తమశర్మగారికి ఒక ఉపాయం తట్టింది. ఆయన పూర్వం తాలూకా కచేరీలో పనిచేశారు. కచేరీ మీద పితూరీ అర్జీలు పెట్టే రైతులు, ముందు సంతకం ఎవరిదో తెలిస్తే వాణ్ణి పట్టుకుంటారని, కాగితం మీద గుండ్రంగా సంతకాలు చేసేవాళ్లు. అలాంటి చక్రం ఒకటి పట్టుకుని, మొదలెక్కడో తెలియక శర్మగారు స్వయంగా మూడు నెలలు తల బాదుకున్నారు. ఆ అనుభవం ఇప్పుడు దేశానికి పనికొచ్చింది.

భోజనశాల నుంచి ఒక కంచం తెప్పించి, పట్టీలో బోర్లించి, చుట్టూ గీత గీశారు. పట్టీని పక్కగదిలో పెట్టారు. ఒక్కొక్కరే వెళ్లి గీత మీద ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ సంతకం పెట్టి రావాలి. ఎవరు ముందు వెళ్లారో చూడడం అమర్యాద కాబట్టి మిగతావాళ్లంతా గోడకేసి తిరిగి కూర్చున్నారు. సాయంత్రానికి ఎనభై నాలుగు సంతకాలతో చక్రం పూర్తయింది. అందరూ శర్మగారిని మెచ్చుకున్నారు. నూకరత్నం సంతకం రాజుగారికీ జడ్జిగారికీ మధ్య ఇరుక్కుంది.

మర్నాడు సభ మొదలవగానే నూకరత్నం లేచింది.

"అయ్యా, మా రెల్లులంకకి..."

"గౌరవ సభ్యురాలు మన్నించవలెను" అన్నారు శర్మగారు. "నాలుగవ నియమము ననుసరించి సభ్యులు జ్యేష్ఠతాక్రమమున మాటలాడవలెను. జ్యేష్ఠత ఇంకను నిర్ధారణ కాలేదు."

"అయితే ఎవరు పెద్దో తేల్చేయండి."

శర్మగారు పట్టీ తెరిచారు. చక్రాన్ని చూశారు. పట్టీ తిప్పి చూశారు. తాలూకా కచేరీ నాటి తలనొప్పి మళ్లీ మొదలైంది.

"పోనీ, నన్ను ఆఖర్న రాసుకోండి బాబూ. నేనేమీ అనుకోను" అంది నూకరత్నం.

"ఆఖరు అనగా ఎనభై ముగ్గురి తరువాత. ఆ ఎనభై ముగ్గురి క్రమము తేలనిదే ఆఖరు అనునది ఏర్పడదు."

నూకరత్నం కూర్చుంది. సభలో ఇంకెవరూ లేవలేదు. సభ్యుల్లో జ్యేష్ఠులే సభాపతి కావాలని మరో నియమం ఉండడంతో, సభాపతి కుర్చీ మీద ఒక శాలువా కప్పి ఉంచారు. శర్మగారు ఆ శాలువాకి నమస్కరించి సభని వాయిదా వేశారు.

అప్పటిదాకా ఒకరికొకరు తలుపు తీసి పట్టుకున్న పెద్దలకి, పెద్దరికమంటే మాట్లాడే హక్కని తెలిసిన క్షణం నుంచి మర్యాద వేరే దారి పట్టింది. మొదట కాఫీ దగ్గర తేడా వచ్చింది. ముందు ఎవరికి ఇస్తే వారే జ్యేష్ఠులన్నట్టు అవుతుందని మిగతావాళ్లు అభ్యంతరం చెప్పారు. వడ్డించేవాళ్లు పళ్లేలు పట్టుకుని నిలబడ్డారు, కాఫీలు చల్లారిపోయాయి. వారం తర్వాత ఎనభై నలుగురు వడ్డనవాళ్లని నియమించి, గంట కొట్టగానే ఎనభై నాలుగు కప్పులూ ఒక్కసారే బల్లల మీద పెట్టే ఏర్పాటు చేశారు. కాఫీ ముందు తాగేసినవారి సంగతేమిటని జడ్జిగారు అడిగారు. దానికీ ఒక గంట పెట్టారు.

తర్వాత గుమ్మం దగ్గర వచ్చింది. ఎవరు ముందు లోపలికి వెళ్లాలన్న పేచీతో సభ్యులు రెండు రోజులు వరండాలోనే ఉండిపోయారు. ప్రభుత్వ ఇంజనీర్లు వచ్చి కొలతలు తీసుకున్నారు. ఎనభై నలుగురు భుజం భుజం కలిపి నిలబడితే ఎంత వెడల్పవుతుందో లెక్కవేసి, తూర్పు గోడని పూర్తిగా పడగొట్టారు. ఆపైన సభలోకి గాలి బాగా వచ్చేది. అదొక్కటే నూకరత్నానికి నచ్చింది.

వీరమణి దగ్గర్నుంచి కార్డులు వస్తున్నాయి. వీరమణి ఆవిడ మేనకోడలు, ఆవిడ దగ్గరే పని నేర్చుకుంది. ఒకరికి ఆడపిల్ల, ఒకరికి మగపిల్లాడు, అందరూ క్షేమం. కొంగున ముళ్లు నాలుగయ్యాయి, తర్వాత మూడయ్యాయి. సభలో ఇంకా ఎవరూ నోరు విప్పలేదు.

జ్యేష్ఠత తేల్చడానికి ఒక సంఘం వేయాలన్నారు. సంఘంలో ఎవరుండాలో పెద్దవాళ్లే నిర్ణయించాలి కాబట్టి ఎనభై నలుగురినీ వేసుకున్నారు. సభామందిరంలో మాట్లాడకూడదు కనుక సంఘం భోజనశాలలో సమావేశమైంది. అక్కడ ఎనభై నలుగురూ ఒక్కసారే మాట్లాడారు. ఏడు వారాలపాటు అలా మాట్లాడాక జడ్జిగారికి ఒక ఆలోచన వచ్చింది.

"మనమందరమూ ఒకే దినమున, ఒకే ముహూర్తమున సభాసదులమైనాము. అనగా చట్టదృష్టిలో మనము కవలలము. కవలల జ్యేష్ఠత విషయమై ప్రామాణికమైన సాక్ష్యమివ్వగల నిపుణురాలు మన మధ్యనే కలదు!"

నూకరత్నాన్ని సాక్షిగా పిలిచారు. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ఈ ముడి విప్పితే పడవ సంగతి అడగొచ్చు కదా అనుకుంది.

"కవల పిల్లలు పుట్టినప్పుడు జ్యేష్ఠుడెవరో సాక్షి ఏ విధముగా నిర్ణయించును?" అని జడ్జిగారు అడిగారు.

"నిర్ణయించడం ఏముందండీ, ముందొచ్చినోడి కాలికి నల్లదారం కడతాం. ఆడే పెద్దోడు."

ముందొచ్చినవాడే పెద్దవాడని రాసుకున్నారు. సంఘంలో సగం మంది సంతోషించారు. అక్కడితో ఆపితే సరిపోయేది. కానీ ప్రమాణం చేసి చెబుతున్నానాయె, పూర్తి నిజం చెప్పాలని నూకరత్నం అనుకుంది.

"కాపోతే మా లంకలో కొందరు ఒప్పుకోరండి. ముందు కడుపులో పడ్డోడు లోపలికెళ్లి కూసుంటాడు, అందుకని ఆడు ఎనకొస్తాడు, ఎనకొచ్చినోడే పెద్దోడంటారు."

రాజుగారు మెల్లగా లేచారు.

"అనగా ఆఖరివాడే జ్యేష్ఠుడు! గౌరవ సభ్యురాలు మొదటి దినముననే తన్ను ఆఖరున వ్రాసుకొమ్మని కోరిన మర్మము ఇప్పుడు బోధపడుచున్నది!"

ఎనభై ముగ్గురూ ఆవిడకేసి చూసిన చూపులో, జన్మలో ఎవరూ ఆవిడకివ్వనంత గౌరవమూ, అంత అనుమానమూ కలిసి ఉన్నాయి. ఆ సాయంత్రానికి సంఘం ముందువాదులూ వెనుకవాదులూ అని రెండుగా చీలిపోయింది. ముందువాదులంతా ముందు స్థానం కోరారు. వెనుకవాదులంతా ఆఖరి స్థానం కోరారు. నడుమ స్థానం కోరినవాడు ఒక్కడూ లేడు.

"ఇంతకీ మీ లంకలో ఈ వివాదము ఎట్లు పరిష్కరింపబడును?" అని శర్మగారు నీరసంగా అడిగారు.

"పరిష్కారమేంటండి బాబూ! దారం ఎవరికి కడితే ఆడే పెద్దోడు. కట్టాక ఇంకెవరూ మాటాడరు. కాన్పు చేసింది నేను, కట్టింది నేను. అక్కడితో సరి."

ఈ మాట సంఘానికి నచ్చింది. ఇరుపక్షాలూ దారాన్ని ప్రమాణంగా ఒప్పుకున్నాయి. నివేదిక రాశారు. "నిపుణురాలు ఎవరి పాదమునకు నల్లదారము కట్టునో వారే జ్యేష్ఠులు. దీనిపై అభ్యంతరము తెలుపు హక్కు, అట్టివారికంటె జ్యేష్ఠులకు మాత్రమే కలదు." చక్కగా రాసుకున్నారు. అయితే నివేదిక మీద ముందు ఎవరు సంతకం చేయాలన్న ప్రశ్న వచ్చింది. శర్మగారు మళ్లీ కంచం తెప్పించారు. చక్రంలో సంతకాలు చేసిన నివేదికకి ముందు సంతకం లేదు గనుక అది చెల్లుతుందో లేదో తేల్చడానికి ఇంకొక సంఘం వేశారు.

ఆషాఢం సగం గడిచింది. నూకరత్నం కొంగున ఒకటే ముడి మిగిలింది. వీరమణి కార్డు రాసింది: "అత్తా, లోవకుమారికి బిడ్డ తల కిందకి తిరగలేదు. పోలమ్మకున్నట్టే ఉంది. ఏటికి వరద ఎర్రనీళ్లు తగిలాయి. పాటదారు పడవని అప్పుడే అవతల కట్టేశాడు. నాకు భయంగా ఉంది."

నూకరత్నం ఆ కార్డు రెండుసార్లు చదివించుకుంది. ఒళ్లు మండిపోయింది. తనలాంటి వాళ్లకి ఏడుపు వచ్చినా పని ఆగదు. ట్రంకు పెట్టె తీసి, పురుళ్ల సంచీలోంచి నల్లదారం ఉండ బయటికి తీసింది.

మర్నాడు ఎప్పటిలాగే ఎనభై నలుగురూ కూలిన గోడ మీదుగా ఒక్కసారే సభలోకి వచ్చి మౌనంగా కూర్చున్నారు. నూకరత్నం చుట్టూ చూసింది. అందరి కాళ్లకీ మేజోళ్లు, బూట్లు. ఒక్క జగన్నాథరాజుగారి ఎడమ కాలు మాత్రం కీళ్లవాతంతో వాచి, బూటు పట్టక, బెంచీ కింద నుంచి బయటికి చాపి ఉంది. రాజుగారు కునుకు తీస్తున్నారు. నూకరత్నం లేచి వెళ్లి, చతికిలబడి, దారం రెండు పేటలు వేసి ఆ కాలికి కట్టేసింది. ముడి బిగించేసరికి రాజుగారు కెవ్వుమన్నారు.

సభంతా లేచి నిలబడింది. ఎవరూ మాట్లాడలేదు, మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అందరూ శర్మగారికేసి చూశారు. శర్మగారు నివేదిక తిరగేశారు. అభ్యంతరం చెప్పే హక్కు రాజుగారికంటే పెద్దవారికే ఉంది. రాజుగారికంటే పెద్దవారు ఎవరూ లేరు. నివేదిక చెల్లదని అనాలన్నా, ఆ మాట ఎవరైనా లేచి అనాలి. శర్మగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్ని నెలలకి ఆయనకి ఒక క్రమం కనిపించింది.

"జ్యేష్ఠ సభ్యులు శ్రీ సింహాద్రి జగన్నాథరాజుగారు ప్రసంగించెదరు" అని ప్రకటించారు.

రాజుగారు మీసం సర్దుకుని లేచారు. మిగతావాళ్లు కూర్చున్నారు. రాజుగారు నోరు తెరిచి, అలాగే ఉండిపోయారు. పెద్దవాణ్ణని రుజువు చేసుకోవడానికి ఆయన దగ్గర నాలుగు దస్తాల కాగితాలున్నాయి. పెద్దవాడయ్యాక ఏం మాట్లాడాలో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

నూకరత్నం ఇంకా ఆయన కాలి దగ్గరే ఉంది. ముడి చివర పట్టుకుని, "రెల్లులంకకి పడవ" అని మెల్లగా అంది.

"రెల్లులంకకి పడవ!" అన్నారు రాజుగారు గంభీరంగా.

సభ బల్లలు చరిచింది. ఆ దేశపు పెద్దల సభలో అదే తొలి ప్రసంగం. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. మధ్యాహ్నానికల్లా ముందు సంతకం ఉన్న కాగితం ఆ సభ నుంచి మొట్టమొదటిసారి బయటికి వెళ్లింది. నూకరత్నం లేచి మోకాళ్లు దులుపుకుంది. దండం పెట్టాలనిపించింది గానీ, ఎవరికి పెట్టాలో తోచలేదు.

రాజుగారికి మాట్లాడడం రుచి తగిలింది. సాయంత్రం మళ్లీ లేచారు. తనకి బాగా తెలిసిన విషయం ఒక్కటే కాబట్టి దాన్ని గురించే మాట్లాడారు. ఇకనుంచి దేశంలోని సమస్త కార్యాలయాల్లోనూ, రేవుల్లోనూ, వాహనాల్లోనూ జ్యేష్ఠతాక్రమం పాటించాలనీ, సందేహం వచ్చిన చోట నల్లదారమే ప్రమాణమనీ ఆయన తీర్మానించారు. అదీ నెగ్గింది.

మర్నాడు ఉదయం మిగతా ఎనభై ఇద్దరూ బూట్లు విప్పేసి, కాళ్లు చాపుకుని కూర్చున్నారు. జడ్జిగారైతే పాదాలకి గంధం కూడా రాసుకొచ్చారు.

"కాన్పుకొకటే దారం అండి. మీది అయిపోయింది" అని చెప్పి నూకరత్నం బస్సెక్కేసింది.

శ్రావణం మూడోనాడు రెల్లులంక రేవులో వాన కుంభవృష్టిగా పడుతోంది. లోవకుమారికి తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి, బిడ్డ ఇంకా అడ్డంగానే ఉంది. మంచం మీద పడుకోబెట్టి, మీద తాటాకు గూడ కప్పి, నలుగురు మోసుకొచ్చారు. నూకరత్నం ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పక్కనే నడిచింది. ఆ చెయ్యి వెచ్చగానే ఉంది, ఇంకా వెచ్చగానే ఉంది అని తనలో తాను చెప్పుకుంటూ నడిచింది.

రేవులో ఆకుపచ్చ రంగు వేసిన కొత్త పడవ ఉంది. దాన్ని చూడగానే నూకరత్నానికి ఏడుపొచ్చింది. పడవ ముందు గొడుగు కింద ఒక గుమాస్తా, ఆయన చేతిలో రిజిస్టరు. పక్కన ఒక బోర్డు: "ప్రయాణికులు జ్యేష్ఠతాక్రమమున పడవ నెక్కవలెను."

రేవులో నలభైమంది ఉన్నారు. పడవలో పట్టేది పన్నెండుగురు. గుమాస్తా గంట నుంచీ వయసులు రాసుకుంటున్నాడు. ఒకటో నంబరు దగ్గరే పని ఆగిపోయింది. ఇద్దరు ముసలాళ్లు వానలో నిలబడి తేల్చుకోలేకపోతున్నారు.

"నువ్వెక్కు మావా, నువ్వు పెద్దోడివి."

"నీ అయ్యకీ మా అయ్యకీ పెళ్లిళ్లు ఒకే ఏడు అయ్యాయిరా. నువ్వే ఎక్కు."

"ఈ అమ్మాయి వయస్సెంత?" అని గుమాస్తా మంచంకేసి చూసి అడిగాడు. పద్దెనిమిదని చెప్పారు. పేజీ తిరగేసి, "ముప్పై ఎనిమిదవ స్థానము. నాలుగవ విడతలో అవకాశము లభించును" అన్నాడు.

లోవకుమారి పళ్లు బిగబట్టి మూలిగింది. నీళ్లు రేవు మెట్టు ఎక్కుతున్నాయి. నూకరత్నానికి ఒక్క క్షణం పోలమ్మ మొహం కళ్ల ముందు కదిలింది. ఆ గుమాస్తాని రిజిస్టరుతో సహా ఏట్లోకి తోసేయాలన్నంత కోపం వచ్చింది. తోసేస్తే రిజిస్టరు తడిసిపోతుంది, కొత్తది వచ్చేదాకా పడవ కదలదు. ఆ సంగతి పెద్దల సభలో అన్ని నెలలు కూర్చున్న మనిషికి చెప్పక్కర్లేదు.

సంచీలోంచి దారం తీసింది. వానలో తడుస్తూ మంచం పక్కన కూర్చుని లోవకుమారి కాలికి రెండు పేటలు వేసి కట్టింది.

"ఇదే పెద్దది. రాసుకో" అంది.

గుమాస్తా నియమాల పుస్తకం తీశాడు. పెద్దల సభ కొత్త తీర్మానం వెతుక్కున్నాడు. సందేహము కలిగిన చోట నల్లదారమే ప్రమాణము. దారం కట్టే నిపుణురాలిగా నూకరత్నం పేరు కూడా అందులో ఉంది. ఆయన మొహంలో దిగులంతా పోయింది.

"ఒకటవ నంబరు" అన్నాడు. "పేరు?"

మంచం పడవెక్కింది. మోసిన నలుగురు, భర్త, నూకరత్నం, ఆ తర్వాత ఆ ఇద్దరు ముసలాళ్లూ ఒకేసారి ఎక్కేశారు. పన్నెండుగురు నిండగానే పడవ కదిలింది. గుమాస్తా కూడా గొడుగుతో పడవ కొసన నిలబడ్డాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆపరేషన్ చేసింది. మధ్యాహ్నం మూడింటికి లోపలి నుంచి ఏడుపు వినిపించింది. మగపిల్లాడు. తల్లి క్షేమం. నూకరత్నం వరండాలో గోడకి చేరగిలబడి, కొంగు తీసి ఆఖరి ముడి విప్పుకుంది. ముడి తడిసి బిగుసుకుపోయింది, పంటితో విప్పాల్సి వచ్చింది.

గుమాస్తా ఇంకా వెళ్లలేదు. రిజిస్టరు పట్టుకుని వరండా చివర నిలబడి ఉన్నాడు. మెల్లగా దగ్గరికొచ్చాడు.

"అమ్మా, రేవులో ఎక్కినవారు పన్నెండుగురు. ఇక్కడ లెక్కకు పదముగ్గురు వచ్చుచున్నారు. ఈ శిశువును ఏ స్థానమున వ్రాయవలెను?"

నూకరత్నం ఖాళీ కొంగు చూసుకుని నవ్వింది.

"ఆణ్ణి ఆఖర్న రాసుకో బాబూ" అంది. "ఆడేమీ అనుకోడు."